పాత కార్మికవాడలో గడిచిన బాల్యాన్ని రికార్డు చేయాలంటే: ముందు పటం, తర్వాతే ప్రశ్నలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 74 ఏళ్ళు. మిల్లు కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్ళలో పుట్టి, పదహారేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగారు. ఇంకో రెండు నెలల్లో ఆ ఇళ్ళు కూల్చేస్తున్నారు. ఎదురుగా ఫోన్ పెట్టి "మీ చిన్నతనం గురించి చెప్పండి నాన్నా" అంటే, పది నిమిషాల్లో "కష్టపడ్డాం, కానీ బాగుండేది, అంతే" అని లేచిపోయారు. ఇప్పుడేం చేయాలి?

తప్పు ఆయనది కాదు, ప్రశ్నది. చిన్నతనం ఎలా ఉండేదని అడిగితే ఎవరైనా సారాంశమే చెబుతారు. చుట్టాలు కలిసినప్పుడల్లా చెప్పి చెప్పి నునుపు తేలిన నాలుగు కథలు, వాటిమీద ఒక తీర్పు. అసలు సరుకు దాని అడుగున ఉంటుంది. దాన్ని కదిలించాలంటే కాలం గురించి అడిగి లాభం లేదు, చోటు గురించి అడగాలి. "మీకు ఎనిమిదేళ్ళప్పుడు ఏం చేసేవారు?" అంటే ఏమీ తట్టదు. "వీధి గుమ్మంలో నిలబడితే ఎడమచేతి వైపు ఏముండేది?" అంటే చూపించడానికి చెయ్యి దానంతటదే లేస్తుంది. అందుకని రికార్డర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాగితం, పెన్సిల్ తీయండి.

కాగితం పెద్దదై ఉండాలి. ఏ3 సైజు చాలు, అది లేకపోతే మామూలు కాగితాలు నాలుగు అతికించండి. మొదట ఇల్లొక్కటే గీయించండి. ఆయన గీస్తానంటే మంచిదే. చెయ్యి వణుకుతుందంటే ఆయన చెబుతుంటే మీరు గీయండి, తప్పు గీస్తే ఆయనే ఊరుకోరు. కొలతలు అడుగుల్లో అడగొద్దు, ఎవరికీ గుర్తుండవు. "మంచం వేస్తే నడవడానికి జాగా మిగిలేదా?", "చెయ్యి చాపితే కప్పు అందేదా, ఎన్నో తరగతిలో అందింది?" అని అడగండి. తలుపు ఎటు తెరుచుకునేది, కిటికీ ఉందా, పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోయేది, నీళ్ళు దేంట్లో నిలవుండేవి, దీపం ఎక్కడ పెట్టేవారు. ఇవన్నీ పటం మీదికి రావాలి.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మొత్తం పనిలో దీన్ని మించింది లేదు: రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకునేవారు? ఒకటి రెండు గదుల ఇంట్లో ఏడెనిమిది మంది ఉన్నచోట పడక లెక్క చెప్పడం మొదలుపెడితే మిగతావన్నీ దానివెంట వస్తాయి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు ఎక్కడ పడుకున్నాడు, అప్పుడు పిల్లల్ని ఎక్కడికి తరిమేవారు, వాన కారితే ఎవరి పక్క జరిపేవారు, చుట్టం దిగితే ఎవరు అరుగు మీదికి వెళ్ళేవారు, కాన్పు సమయంలో మగపిల్లలు ఎవరింట్లో ఉన్నారు, ఆడపిల్ల ఎన్నో ఏట నుంచి లోపలి వైపుకు మారింది. ఇవేవీ విడిగా అడగక్కర్లేదు. పడకలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి "ఇది తమ్ముడు పుట్టకముందా, తర్వాతా?" అని మాత్రం అడిగి, రెండో పటం వేయండి.

ఇల్లు అయ్యాక వీధి. ఇళ్ళను గీసి వాటిలో పేర్లు రాయొద్దు, 1, 2, 3 అని అంకెలు వేసి, పేర్లు వేరే కాగితం మీద రాసుకోండి. దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, రేపు పటం ఎవరికైనా చూపించాల్సి వస్తే పక్కింటివాళ్ళ పేర్లు బయటపడవు. రెండోది ఇంకా ముఖ్యం: మాట్లాడుతూ ఆయన వేలితో చూపిస్తూ "ఇక్కడుండేవాడు, అక్కడినుంచి ఇలా వచ్చేవాళ్ళం" అంటారు. వేలు రికార్డు కాదు. ఆడియోలో ఇక్కడ, అక్కడ అనే మాటలకు విలువే లేదు. అలా అన్నప్పుడల్లా మీరు మెల్లిగా "మూడో నంబరు ఇల్లు, కుళాయి పక్కది, అంతేనా?" అని పైకి చెప్పండి. ప్రతి కూర్చోవడానికీ ఒక రంగు పెన్సిల్ వాడి, మూలన తేదీ వేసి, లేచేముందు పటాన్ని ఫొటో తీయండి. ఏ గీత ఎప్పుడు చేరిందో తర్వాత మీకే అవసరమవుతుంది.

వీధి పటంలో తప్పక ఉండాల్సినవి నీళ్ళు, మరుగుదొడ్డి, కాలవ, చెత్త, దుకాణం, మిల్లు గేటు, ఆ గేటుకు వెళ్ళే అడ్డదారి. వీటికి తోడు పిల్లల హద్దులు. ఆరేళ్ళప్పుడు ఎక్కడిదాకా ఒంటరిగా వెళ్ళనిచ్చేవారు, తొమ్మిదేళ్ళప్పుడు ఎక్కడిదాకా, పన్నెండప్పుడు ఎక్కడిదాకా? మూడు గీతలు వేయించండి. ఎక్కడికి వెళ్తే దెబ్బలు పడేవో కూడా. వాడలో ఎవరికి ఎవరంటే భయం, ఎవరికి ఎవరితో పొత్తు కుదరదు అన్నది ఆ నిషేధాల్లో దాగి ఉంటుంది. సూటిగా అడిగితే మాత్రం "అందరం కలిసే ఉండేవాళ్ళం" అంటారు.

రికార్డింగుకి ఫోను చాలు, కొన్ని జాగ్రత్తలు పాటిస్తే. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే చాలా యాప్‌లు రికార్డింగు ఆపేస్తాయి, ఆగిందని చెప్పవు కూడా. యాప్ సెట్టింగుల్లో ఫైలు రకం డబ్ల్యూఏవీ (ధ్వనిని కుదించకుండా దాచేది), 48 కిలోహెర్ట్జ్, వీలైతే 24 బిట్, మోనో అని ఎంచుకోండి. గంటకు దాదాపు 520 ఎంబీ పడుతుంది. 16 బిట్ అయితే 345 ఎంబీ. జాగా చూసుకుని మొదలుపెట్టండి. చాటింగ్ యాప్‌లోని వాయిస్ మెసేజ్‌గా మాత్రం చేయొద్దు. అది ధ్వనిని బాగా కుదించేస్తుంది, పోయింది మళ్ళీ రాదు.

చొక్కాకు తగిలించే చిన్న మైకు ఒకటి కొనండి. గడ్డానికి జానెడు కిందుగా, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పైన కండువా, గొలుసు రాసుకోకూడదు. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది: కెమెరా కోసం చేసిన మైకు పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి, ఫోను గుండ్రటి రంధ్రంలో పనిచేసేదానికి మూడుంటాయి. రెండు గీతలది గుచ్చితే ఫోను దాన్ని గుర్తించక తన లోపలి మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది. మొదలుపెట్టేముందు మైకు తలను గోటితో తట్టండి. స్థాయి చూపించే గీత గట్టిగా ఎగరాలి. ఫోను ఒంటిని తడితే ఎగిరిందంటే మైకు పనిచేయట్లేదన్నట్టే. మామూలు మాటకు గీత మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, నవ్వినప్పుడు మైనస్ 6 దాటకూడదు. సున్నా తాకితే గొంతు చీలుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ ఆపితే మళ్ళీ వేయడం మర్చిపోతారు, ఇంటి తాళంచెవులు అందులో పెట్టండి, వాటికోసం తెరిచినప్పుడు గుర్తొస్తుంది. తెరలు, పరుపు ఉన్న గది మంచిది, ఖాళీ గోడల గదిలో మాట మోగుతుంది. ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్లతో విని చూడండి. అసలు రికార్డింగు మొదట్లో తేదీ, చోటు, ఇద్దరి పేర్లు, ఎన్నోసారి కూర్చుంటున్నారో చెప్పి, ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉండండి. తర్వాత గది హోరు తీసేయాల్సి వస్తే ఆ ముప్పై సెకన్లే ఆధారం. ఒకసారికి గంట, మహా అయితే గంటన్నర. ఆయనకు ఓపిక ఉన్నా మీరే ఆపండి. ఒకరోజు నాలుగు గంటలు లాగడం కన్నా రెండు మూడు రోజుల ఎడంతో నాలుగుసార్లు కూర్చోవడం చాలా మేలు. ఒకసారి కదిలించాక మధ్య రోజుల్లో మరెన్నో వాటంతటవే పైకి వస్తుంటాయి.

ఇక అడగడం. ఒకసారికి ఒకటే ప్రశ్న. జవాబు అయిపోయిందనిపించాక మనసులో పది లెక్కపెట్టండి. సగం సార్లు అసలు సంగతి ఆ మౌనం తర్వాతే వస్తుంది. "ఎందుకు" అన్నది తక్కువగా వాడండి, అది సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది. "ఎలా" అనండి. పనులన్నీ మొదట్నించి చివరిదాకా చేయించినట్టు చెప్పించండి. నీళ్ళు పట్టడమే తీసుకోండి: ఎవరు లేచేవారు, వెలుతురు వచ్చిందా లేదా, వరసలో మనిషి నిలబడేవాడా లేక బిందె పెట్టి వెళ్ళొచ్చా, బిందె ముందుకు జరిపేస్తే ఎవరు తీర్పు చెప్పేవారు, ఒకింటికి ఎన్ని, నిండిన బిందె ఎన్ని ఇళ్ళు దాటి మోయాలి, పిల్లలకు ఏ సైజుది ఇచ్చేవారు, నీళ్ళు రాని రోజు ఏం చేసేవారు. ఒక్క కుళాయి మీద ముప్పావుగంట నడుస్తుంది. "కుళాయి దగ్గర గొడవలయ్యేవా?" అని అడిగితే మాత్రం "ఆఁ, అయ్యేవి" అన్న రెండు మాటలతో సరి.

ఆటలకూ ఇదే పద్ధతి. పేరు అడిగి ఊరుకోవద్దు. ఎంతమంది కావాలి, పంటలు ఎలా వేసేవారు, ఏమని పాడుతూ వేసేవారు, తప్పు ఏది, తప్పుకు శిక్ష ఏది, బంతి ఎవరింట్లో పడితే ఆట ముగిసినట్టు. ఆటవస్తువు దేంతో చేశారన్నది కూడా అడగండి. మిల్లునుంచి వచ్చిన పారేసిన బాబిన్లు, బేరింగులు, పట్టీల ముక్కలు పిల్లల చేతుల్లో ఏమయ్యాయో వింటే ఆ మిల్లులో ఏం తయారయ్యేదో కూడా తెలిసిపోతుంది.

శబ్దం, వాసన మర్చిపోవద్దు. మిల్లు కూత రోజుకి ఎన్నిసార్లు, ఏ కూతకు ఇంట్లో ఏ పని మొదలయ్యేది? గడియారం లేని ఇంట్లో బడికి టైమెలా తెలిసేది? డ్యూటీనుంచి వచ్చిన వాళ్ళ నాన్న బట్టలు ఏం వాసన వేసేవి: నూనె, బొగ్గు, దూది, రంగు? మనస్తత్వ పరిశోధనల్లో పదేపదే కనబడిన విషయమొకటుంది. మాటలూ ఫొటోలూ పైకి తెచ్చే జ్ఞాపకాలు ఎక్కువగా పది దాటాక నుంచి ఇరవైల మొదటి ఏళ్ళ దాకా ఉన్నవైతే, వాసన తెచ్చేవి చాలావరకు పదేళ్ళలోపువి. యంత్రం నూనె పూసిన గుడ్డముక్క ఒకటి దొరికితే తీసుకెళ్ళండి. ముందుగా చెప్పకుండా చేతికివ్వండి.

డబ్బు గురించి సూటిగా అడిగితే మనుషులు ముడుచుకుపోతారు. "పేదరికం బాగా ఉండేదా?" అన్న మాట మీ నోట రానేకూడదు, అప్పటిదాకా ఆయన దృష్టిలో అది పేదరికం కాకపోవచ్చు. జీతం రోజు ఇంట్లో ఏం జరిగేదో అడగండి. కవరు ఎవరి చేతికి వెళ్ళేది, మొదట ఎవరి బాకీ తీరేది. తర్వాత జీతానికి ముందు వారం సంగతి. దుకాణంలో ఖాతా పుస్తకం ఎవరి పేరున, దాన్ని పట్టుకుని ఎవరిని పంపేవారు, ఆ పని చేయడానికి ఏ పిల్లాడు సిగ్గుపడేవాడు. సమ్మె, లాకౌటు జరిగి ఉంటే కారణాలు అడగొద్దు, ఎనిమిదేళ్ళ పిల్లాడికి కారణాలు తెలియవు, ఇప్పుడు చెప్పేవి పెద్దయ్యాక విన్నవి. ఆ రోజుల్లో ఇంట్లో ముందుగా ఏది ఆగిపోయింది, పగటిపూట వాళ్ళ నాన్న ఇంట్లో ఉండటం ఎలా అనిపించింది, అంతవరకూ అడగండి.

తేదీల విషయంలో ఏ జ్ఞాపకాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. మూడు, మూడున్నరేళ్ళ లోపువి దాదాపు ఎవరికీ ఉండవు. అంతకు ముందువని చెప్పేవి చాలావరకు విన్నవీ, ఫొటోలో చూసినవీ. ఏడాది అడిగే బదులు ఒక పట్టిక వేయండి: నిలువు వరసల్లో ఆయన తరగతి, తోబుట్టువుల పుట్టుక, వాళ్ళ నాన్న చేసిన పని, ఇంట్లో మార్పులు, వీధిలో మార్పులు. కరెంటు వచ్చింది తమ్ముడు పుట్టకముందా, తర్వాతా? అప్పుడు ఏ టీచరు దగ్గర చదివేవారు? రెండు మూడు గళ్ళు కచ్చితంగా తేలితే మిగతావి వాటి మధ్యలో సర్దుకుంటాయి.

తేదీ తప్పితే ఆ జ్ఞాపకాన్ని కొట్టేయకండి. ఇటలీలోని తెర్ని అనే ఉక్కు కార్మికుల ఊళ్ళో 1949 మార్చిలో, ఇటలీ నాటో సైనిక కూటమిలో చేరడాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన ప్రదర్శనలో, లుయీజీ త్రస్తుల్లీ అనే యువ కార్మికుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత, మనుషుల జ్ఞాపకాల్లోంచి చరిత్ర రాసే అలెస్సాంద్రో పోర్తెల్లి ఆ ఊరి కార్మికుల మాటలు రికార్డు చేసినప్పుడు, చాలామంది అది 1953లో, ఫ్యాక్టరీ వేలమందిని తీసేసినప్పటి వీధి పోరాటాల్లో జరిగిందని చెప్పారు. పొరపాటే. కానీ అంతమందీ ఒకే వైపుకు పొరబడ్డారు. తమ జీవితాల్ని తలకిందులు చేసింది ఆ ఉద్యోగాల కోత కాబట్టి, ఆ చావుకు అక్కడే అర్థం దొరికింది. ఈ పద్ధతిలో పనిచేసేవాళ్ళకు ఆయన చేసిన విశ్లేషణ ఒక మైలురాయి. మీరు కూడా నాన్నగారు చెప్పింది చెప్పినట్టే ఉంచి, పక్కన "బడి రిజిస్టరు ప్రకారం ఫలానా ఏడాది" అని రాసుకోండి. సరిచూడటానికి బడి ప్రవేశాల రిజిస్టరు, ఓటర్ల జాబితాలు, పురపాలక పటాలు, తాతగారి సర్వీసు కాగితాలు, యూనియన్ కరపత్రాలు పనికొస్తాయి. మాట్లాడుతున్నప్పుడు మాత్రం సరిదిద్దొద్దు. ఒకసారి "కాదు నాన్నా, అది..." అన్నారంటే ఆ తర్వాత ప్రతి వాక్యం మీ మొహం చూసి చెబుతారు.

అంతకన్నా ప్రమాదం, మీకు తెలిసింది ఆయన నోట్లో పెట్టడం. 1995లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి, చిన్నప్పుడు వాళ్ళు ఒక షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుగా ఒక కల్పిత కథ ఇచ్చారు. దాదాపు పావు వంతు మంది ఆ జరగని సంగతి కొంతో, మొత్తమో గుర్తుందన్నారు. అందుకే పాత ఫొటోలు మొదటిరోజే బయటికి తీయొద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఫొటో చూశాక ఆయన చెప్పేది ఫొటోలో ఉన్నదాన్నే. పటం, మాట అయ్యాక, మూడోసారికి తీయండి. అప్పుడూ ఫొటోలో ఉన్నవాళ్ళ గురించి కన్నా, తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, వాడి వెనక ఏముండేది అని అడగండి. అత్తయ్యలు, బాబాయిలు ఉంటే మొదట విడివిడిగా, తర్వాత కలిపి కూర్చోబెట్టండి. ముందే కలిపితే పెద్దవాళ్ళ మాటే నిలబడుతుంది. అదే వీధి ఆడపిల్లకు వేరే వీధి: నీళ్ళు, దొడ్డి, చీకటి, చూపులు. అత్తయ్య పటాన్ని ఖాళీ కాగితం మీద కొత్తగా వేయించండి, నాన్నగారిది చూపించకుండా.

ప్రమాదంలో పోయిన మనిషి, దక్కని తోబుట్టువు, తాగి కొట్టిన చేతులు. ఇలాంటివి వస్తాయి. ఆపాలా అని అడగండి, ఆపమంటే రికార్డింగు ఆపేయండి. మాట మార్చడానికి కంగారుపడొద్దు, సలహాలూ ఓదార్పులూ అక్కర్లేదు. ఆ బరువుమీదే లేవకుండా చివరి పది నిమిషాలు ఆటలవైపో బడివైపో మళ్ళించండి. ఎవరికి వినిపించొచ్చు, ఏ భాగం ఇంట్లోనే ఉండాలి, ఇరుగుపొరుగు పేర్లు ఉంచాలా అన్నది ఆయన గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి.

కూల్చివేత ముంచుకొస్తోంది కాబట్టి వాడలో నడక ఎప్పుడన్నది పెద్ద ప్రశ్న. పటం అయ్యాకే తీసుకెళ్ళండి. ఇప్పటి వీధి ముందే చూస్తే పాతదాని మీద ఇది పరుచుకుంటుంది. మొదటి వారం రెండు కూర్చోవడాలు, రెండో వారం నడక అనుకోండి. గాలి హోరుకి మైకు మీద నురగ తొడుగు ఉండాలి. నడుస్తూ ఏ ఇంటి ముందు ఉన్నారో పటం అంకెతో చెబుతుండండి. ఇంకో రోజు ఒక తోడుని తీసుకుని టేపుతో వెళ్ళండి: గది పొడవు వెడల్పు, తలుపు ఎత్తు, గడప ఎత్తు, సందు వెడల్పు, గుమ్మం నుంచి కుళాయికి దూరం. ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి, ప్రతి గోడనూ ఎదురుగా నిలబడి ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. అరిగిన మెట్టు, గోడలో మేకులు, పొగచూరిన మూల, కాలవ మూత, రాలిన సున్నం కింద పాత రంగులు. అందమైన ఫొటోలకన్నా ఇవి విలువైనవి. కూల్చడం మొదలైన వరసలోకి మాత్రం అడుగుపెట్టొద్దు.

ప్రతి రోజూ ఫైలుని తేదీ, పేరు, ఎన్నోసారి అన్న క్రమంలో పేరుపెట్టి, మూడు కాపీలు చేయండి: రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, ఒకటి ఇంకో ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో. అసలు ఫైలు ముట్టుకోవద్దు, కత్తిరింపులన్నీ కాపీ మీదే. పూర్తిగా రాయడానికి గంట మాటకు కనీసం నాలుగైదు గంటలు పడుతుంది, అందుకే మొదలుపెట్టినవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. ముందు ఐదు నిమిషాలకొక వాక్యం చొప్పున సూచిక రాసుకోండి, బాగున్న భాగాలే పూర్తిగా రాయండి. రాసేటప్పుడు ఆయన యాసని పుస్తకభాషలోకి దిద్దొద్దు. ఫోన్లో మాటను రాతగా మార్చే సదుపాయం వాడితే, అది తనకు తెలియని పనిముట్టు పేరును దగ్గరున్న ఏదో మాటగా మార్చేసి ముందుకెళ్తుంది. మిల్లు మాటలు, సందుల ముద్దుపేర్లు, మనుషుల మారుపేర్లు వేరే పుస్తకంలో రాసి, ఆయన చేతే అర్థం చెప్పించండి.

చివరిగా, "ఇంక చాలు నాన్నా" అన్న వెంటనే రికార్డర్ ఆపకండి. "ఇంకా నడుస్తూనే ఉంది" అని ఆయనకు చెప్పి, మైకు ఊడదీసేదాకా ఉంచండి. లేస్తూ లేస్తూ "అన్నట్టు..." అని మొదలుపెడతారు.